కమాండర్‌కు సాక

రాజనర్సు మీదికి కమాండర్ వస్తున్నాడన్న సంగతి గంగవ్వకు పక్కింటి బాలవ్వ చెబితే తెలిసింది. పెళ్ళానికి ఆఖరున తెలియడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే కాబట్టి దాన్ని వదిలేద్దాం. గంగవ్వ ముందు, పోలీసు కమాండరా మిలిటరీ కమాండరా అని అడిగింది.

"గాళ్లెవరు గాదే! సుక్కల లోకంల ఉంటడట. పేరు జోరాన్ అట. నీ మొగని నోట్లకెల్లి మాట్లాడుతుండట. డాక్టర్లు, కంప్యూటరోళ్లు చేతులు గట్టుకోని ఇంటున్నరట," అంది బాలవ్వ గుమ్మంలో నిలబడి. ఆ మాట మోసుకురావడం ఆమెకు ఎంత సంబరంగా ఉందో మొహం చూస్తేనే తెలుస్తోంది.

"నా మొగని నోట్లకెల్లా?" పెనం మీద రొట్టె మాడుతున్న సంగతి గంగవ్వ మరిచిపోయింది. "ఇంట్ల 'ఊఁ' తప్ప ఇంకో మాట రాదు గాయనకు. గా నోట్లకెల్లి సుక్కలోడు మాట్లాడుతుండా? ఆనికి ఇంత సూరత్‌ల ఇంకో నోరు దొరకలేదా?"

గంగవ్వ కోపం ఎలాంటిదో ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. మొగుడికి మతి చెడిందన్న బాధ ఒక ఎత్తు, తన సొత్తులో చెయ్యి పెట్టాడన్న మంట ఇంకో ఎత్తు. సూరత్ శివారు ఉన్‌లో, సాంచాలనే మరమగ్గాల మీద బట్ట నేసే తెలుగువాళ్ళుండే గల్లీలో, పూనకమంటే గంగవ్వదే. ఏటా బోనాల నాడు ఎల్లమ్మ వస్తే ఆమె మీదికే వస్తుంది. మొదటేడు నిజంగానే వచ్చింది, గంగవ్వకు ఒళ్ళు తెలియలేదు. తర్వాత తర్వాత అమ్మవారికి రావడం కాస్త ఆలస్యమైతే గంగవ్వే నాలుగడుగులు ఎదురెళ్ళి తీసుకొచ్చేది. ఎందుకు తీసుకురాకూడదు? వచ్చిన అమ్మవారు గల్లీలో మురుగు మోరీ బాగు చేయించింది. కుళాయి దగ్గర జుట్లు పట్టుకునే రెండు కుటుంబాలకు రాజీ చేసింది. అన్నిటికీ మించి రాజనర్సు చేత తాగుడు మాన్పించింది. గుజరాత్‌లో మందు నిషేధమని సర్కారు ఎంత మొత్తుకున్నా అతనికి రోజూ ఎక్కడో ఒకచోట దొరికేది. ఓ బోనాల నాడు డప్పులు దద్దరిల్లుతుండగా ఎల్లమ్మ అతని మీదికి ఉరికి, "ఇంకో సుక్క ముట్టినవో, నీ ఇంట్ల నేనుండ!" అని గంగవ్వ నోటితో గర్జించింది. మర్నాటి నుంచి రాజనర్సు సీసా ముట్టలేదు. సర్కారుకు చేతకానిది ఎల్లమ్మ చేసిందని గల్లీ గల్లీ చెప్పుకుంది. గంగవ్వ తన బతుకులో గెలిచానని గట్టిగా చెప్పుకోగలిగింది ఆ ఒక్కటే.

అలాంటి ఇంట్లోకి, ఎల్లమ్మనైనా ఓ మాట అడక్కుండా, ఎవడో కమాండర్ దిగాడు.

రాజనర్సు ఖటోదరాలో సాంచాల డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి గంగవ్వ పొయ్యి ముందు కూర్చుంది. తను వండి పంపే మెస్సు డబ్బాలకు పప్పు తిప్పుతూ, గోడ వైపు మొహం పెట్టి, అందుకుంది.

"ఏందయ్యా, నీ మీదికి ఎవడో వస్తున్నడట. ఊరంతటికీ ఎరుకేనట. నాకెందుకు చెప్పలే? నేను సచ్చిన్నా?"

"ఊఁ," అన్నాడు రాజనర్సు.

"ఊఁ ఏంది, ఊఁ? సచ్చిన్నంటవా?"

"ఊఁ."

పప్పు ఉడికేదాకా తిట్టింది, పోపు పెట్టేదాకా తిట్టింది. అతను కాళ్ళు కడుక్కున్నాడు, తిన్నాడు, చెయ్యి తుడుచుకున్నాడు. ఆ తర్వాత తనంతట తనే చెప్పాడు.

"ఆదివారం కిమ్ ఊరికి పోతున్న. ఆడ డాక్టర్ సార్ దోస్తుకు తోట ఉన్నది. ఇగ ఆడనే ఉంట. పనికి రానని సేఠ్‌కు చెప్పిన."

గంగవ్వ అప్పుడు ఇటు తిరిగింది. "ఆడనే ఉంటవా? మరి నేను?"

"సుక్కల ఓడ దిగేదాకా సంసారంల ఉండొద్దట. కమాండర్ మాట పలికే మనిషికి బంధాలుండొద్దని డాక్టర్ సార్ చెప్పిండు."

అతను తగువుకు చెప్పడం లేదు. మెల్లగా, జాలిగానే చెబుతున్నాడు. గంగవ్వ గరిటె కింద పెట్టేసింది. తాగి వచ్చిన రోజుల్లో కూడా ఈ మనిషి ఇంటికే వచ్చి పడిపోయేవాడు గాని, రానని ఎన్నడూ అనలేదు. తిట్టుకోవడానికైనా ఎదురుగా ఈ మొహం లేకపోతే ఈ ఊళ్ళో తనకేముంది? ఎట్లాగైనా సరే, ఆదివారం పొద్దుగూకేలోపు ఇతన్ని తిరిగి ఇంటికి తెచ్చుకోవాలని ఆ పూటే గట్టిగా అనుకుంది.

అసలు ఇదంతా దురదతో మొదలైంది. బట్ట మీది రంగు పడక రాజనర్సుకు చేతులు దద్దుర్లెక్కితే, ఉధనాలో ఓ తెలుగు డాక్టరున్నాడని ఎవరో చెప్పారు. డాక్టర్ చలపతి చర్మం డాక్టరు. మంచివాడు, పేదవాళ్ళ దగ్గర ఫీజు గురించి పట్టించుకోడు. మందు రాస్తూ, ఇంకేమైనా బాధ ఉందా అని అడిగాడు. చెవుల్లో ఎప్పుడూ ఓ మోత మోగుతోందని, పడుకున్నా ఆగదని రాజనర్సు చెప్పాడు. చెవులు ఆ డాక్టరు శాఖ కాదు. ఆకాశం మాత్రం ఆయన శాఖే. కలం కింద పెట్టేసి రాజనర్సు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అది మోత కాదు, రాజనర్సు గారూ. సంకేతం! ఎన్నో ఏళ్ళుగా మేం ధ్యానం చేస్తున్నాం, మాకు ఈగ చప్పుడు కూడా వినిపించలేదు."

సూరత్ వచ్చాక రాజనర్సును 'గారు' అన్నవాడు లేడు. ఆ ఒక్క మాటకే అతను సగం ఆకాశానికి ఎగిరిపోయాడు. మిగతా సగాన్ని 'కృత్తికా మిత్రమండలి' ఎగరేసింది. మండలి అంటే ఏమీ లేదు, చలపతి, కొందరు కంప్యూటర్ ఉద్యోగులు, ఓ చీరల షాపు యజమాని. కృత్తికా నక్షత్రాల నుంచి పెద్ద ఓడలో మహానుభావులు బయల్దేరారని, అది గవర్నమెంట్లకు తెలిసినా దాస్తున్నాయని వాళ్ళ నమ్మకం. రాజనర్సు కళ్ళు మూసుకుని కూర్చుని చెవుల్లో మోత వింటూ వింటూ ఊగేవాడు. ఊగుతూ ఊగుతూ ఏదో అనేవాడు. అన్నదల్లా కమాండర్ మాటే.

ఆదివారం గంగవ్వ అతని వెంటే రైలెక్కింది. రావద్దని అతను అనలేదు, రమ్మనీ అనలేదు. కొంగున పసుపు ముడేసుకుంది, చేతిలో అన్నం డబ్బా పట్టుకుంది. ఆమె ఎత్తు సింపుల్. అక్కడ కమాండర్ రాగానే ఎల్లమ్మను పిలుస్తుంది. ఎల్లమ్మ వచ్చి, నలుగురిలో, నడువ్ ఇంటికి అంటుంది. ఒకసారి ఎల్లమ్మ మాట విన్నవాడు రెండోసారి వినడా?

కిమ్ తోటలో వంటింటి వసారాలో చలపతి తల్లి సీతాదేవి చిక్కుడుకాయలు తుంచుతోంది. కొడుకు భక్తికి కాపలాగా ప్రతిసారీ వస్తుందట. గంగవ్వ పక్కన కూలబడి తనూ నాలుగు కాయలు తీసుకుంది.

"మీరు గూడ నమ్ముతరా అమ్మా?"

"నా బొంద! వీళ్ళు నాకు కొత్తవాళ్ళా? మా తాతగారి కాలం నుంచీ ఎరుగుదును," అంది సీతాదేవి. "అప్పుడు వీళ్ళు హిమాలయాల్లో ఉండేవాళ్ళు. మహాత్ములనేవారు. గాల్లోంచి ఉత్తరాలు పడేస్తారని ఎవరో దొరసాని చెబితే తాతగారు నమ్మి, రోజూ డాబా ఎక్కి కూర్చునేవారు. కాకిరెట్ట తప్ప ఏమీ పడలేదు. ఆ తర్వాత కొండల మీదికి రోడ్లు పడ్డాయి, బస్సులు వెళ్ళాయి. మహాత్ములు కాస్తా శుక్రగ్రహానికి మారారు."

"ఇల్లు ఖాళీ జేసిండ్రా?"

"చేశారు. మా నాన్నగారి హయామంతా శుక్రుడి మీదే. ఇంతలో రాకెట్లు పోయి చూస్తే అక్కడంతా కొలిమిట, సీసం కూడా కరిగిపోతుందిట. మళ్ళీ మూటాముల్లె సర్దుకున్నారు. ఇప్పుడు మావాడి కాలానికి కృత్తికల్లో దిగారు. అక్కడికి ఇంకెవరూ పోలేరుగా, కొన్నాళ్ళు నిశ్చింత. మనుషులు వాళ్ళే, అమ్మాయ్. ఆ తెల్లబట్టలు వాళ్ళవే, ఆ ఉపన్యాసం వాళ్ళదే. గడ్డాలు తీసేసి ఓడ కొనుక్కున్నారు, అంతే తేడా."

గంగవ్వ పక్కున నవ్వింది. "మా ఎల్లమ్మే నయం. పుట్టకాడ ఉండేది, పుట్టకాడనే ఉన్నది."

నవ్వి, చేతిలో కాయలు పళ్ళెంలో వేసి లేచింది. తోటలో మామిడిచెట్ల కింద చాపలు వేశారు. మధ్యలో రాజనర్సును ఓ తెల్ల పరుపు మీద కూర్చోబెట్టి భుజాల మీద శాలువా కప్పారు. పక్కన అతని సామాన్ల సంచీ ఉంది. ఇంట్లో మేకుకు తగిలించే తువ్వాలు దాని మీద మడతపెట్టి ఉంది.

చలపతి ఫోన్లో ఏదో పెట్టాడు. పిల్లనగ్రోవి, దాని వెనకాల సముద్రంలో తిమింగలం మూలుగు. రాజనర్సు కళ్ళు మూసుకుని ఊగడం మొదలుపెట్టాడు. అందరూ చేతులు జోడించారు.

"కమాండర్, భూమి ఐదో తలంలోకి ఎప్పుడు ప్రవేశిస్తుంది?" అని అడిగాడు చలపతి.

రాజనర్సు చాలాసేపు ఊగాడు. "పోగు తెగింది. అతుకుండ్రి," అన్నాడు.

"ఆహా!" అన్నాడు చీరల షాపాయన. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"గవర్నమెంట్లు దాచిన ఓడలు ఎక్కడున్నాయి, కమాండర్?"

"చాయ్ పంపుండ్రి."

దీనికి అర్థం వెతకడానికి వాళ్ళు కాసేపు తన్నుకులాడారు. ప్రశ్నకూ జవాబుకూ పొత్తు కుదరకపోతే అది లోతు అని ఆ మండలిలో లెక్క. గంగవ్వకు ఒళ్ళు మండింది. ఇదే అదననుకుని జుట్టు ముడి విప్పింది, కళ్ళు మూసుకుంది, ఎల్లమ్మను పిలిచింది.

ఎల్లమ్మ రాలేదు. డప్పు లేదు, సాంబ్రాణి లేదు, వేపమండ లేదు. తిమింగలం మూలిగితే ఏ అమ్మవారు వస్తుంది? గంగవ్వ ఎప్పట్లాగే నాలుగడుగులు ఎదురెళ్ళి చూసింది, దారిలో ఎవరూ కనబడలేదు. ఇక గత్యంతరం లేక తనే తల విదిలించి, "ఏయ్!" అని అరిచి ఊగసాగింది.

చలపతి సంతోషంతో లేచి నిలబడ్డాడు. "ఈవిడ కూడా మాధ్యమమే! తల్లీ, మీరు ఏ గ్రహం నుంచి?"

"గ్రహమేంది? నేను ఎల్లమ్మను!"

"ఎల్లమ్మ," అని తనవాళ్ళ వైపు తిరిగాడు చలపతి. "మన పల్లెల్లో ఆ పేరు పెట్టారు గాని, ఆవిడా కృత్తికల నుంచే. కమాండర్ జోరాన్ దళంలో ఓ అధికారి. తూర్పు విభాగం చూస్తారు."

గంగవ్వ ఊగడం ఆపేసింది. జుట్టు మొహం మీంచి తీసి ఆయన్ను చూసింది. "ఎవని కింద ఎవలు? మా ఎల్లమ్మ, గీ లంగగాని కింద నౌకరీ జేస్తదా? జర నోరు సంభాళించుకో సారూ!"

అంతటితో ఆమె పూనకం ఖతం. అందరూ ఆమెనే చూస్తున్నారు. వసారాలోంచి సీతాదేవి కిసుక్కున నవ్వడం వినబడింది. రాజనర్సు మాత్రం కళ్ళు తెరవలేదు. పెళ్ళాం తోట ఎగిరిపోయేలా అరిచినా అతని కనురెప్ప కదల్లేదు. గంగవ్వకు సిగ్గు వేసింది, ఏడుపొచ్చింది. ఇక ఇతను తనకు దక్కడనుకుంది.

అప్పుడు ఆమెకు ఓ సంగతి తట్టింది. వీళ్ళు పెద్ద చదువులు చదివారు గాని, మనిషి మీదికి ఎవరైనా వచ్చినప్పుడు ఎలా నడుచుకోవాలో వీళ్ళకు తెలియదు. ఎవరొచ్చినా ఇంటి మనిషి ఎదురుగా కూర్చోవాలి. నొసట పసుపు పెట్టాలి, గదవ పట్టుకుని మొహం ఎత్తాలి. ఎవలు నువ్వు, ఎందుకొచ్చినవ్, నీకేం గావాలె అని అడగాలి. అడిగింది ఇస్తానని మాటిచ్చి, కాళ్ళ దగ్గర బెల్లం నీళ్ళు సాక పోసి సాగనంపాలి. అలా అడగందే వచ్చినవాడు పోడు. వీళ్ళు కమాండర్‌ను భూమి గురించి అడిగారు, గవర్నమెంట్ల గురించి అడిగారు. నీకేం కావాలని మాత్రం ఒక్కరూ అడగలేదు.

గంగవ్వ వెళ్ళి పరుపు ముందు కూలబడింది. కొంగుముడి విప్పి రాజనర్సు నొసట పసుపు రాసింది. గదవ పట్టుకుని మొహం పైకెత్తింది. అతను కళ్ళు తెరిచాడు.

ఈ ఊరొచ్చిన కొత్తలో గంగవ్వ కూడా సాంచాల దగ్గర కండెలు చుట్టింది. ఆ మోతలో మాట వినబడదు. అక్కడ పనిచేసేవాళ్ళంతా పెదవులు పెద్దగా కదిలించి, చేతులు తిప్పి మాట్లాడుకుంటారు. పూనకంలో ఉన్న మనిషిని అడిగేటప్పుడు కూడా ఒక్కో మాటా సాగదీసి అడగాలి. ఆమెకు తెలియకుండానే ఆ రెండూ కలిసిపోయాయి. పెదవులు కదిలించి, చెయ్యి తిప్పి, మెల్లగా అడిగింది.

"ఎవలు నువ్వు?"

"కమాండర్‌ను," అన్నాడు రాజనర్సు, ఆమె పెదవులే చూస్తూ.

"ఎందుకొచ్చినవ్, కమాండరూ?"

"గీ మనిషి చెప్పలేడు. గందుకని నేనొచ్చిన."

"ఏం చెప్పలేడు?"

"గీ రాజనర్సుకు చెవులు ఇనొస్తలేవు," అన్నాడు కమాండర్. "మస్తు దినాల సంది. సాంచాల మోతకు ఖరాబైనయ్. సేఠ్‌కు తెలిస్తే పనిల కెల్లి తీస్తడని ఎవ్వలికి చెప్పలే. సాంచాల కాడ ఫికర్ లేదు, ఆడ అందరూ చేతులతోనే మాట్లాడుతరు. ఎదురుంగ మొహం వెట్టి మాట్లాడితే సమజైతది. ఇంటికి పోతేనే కష్టం. పెండ్లాం పొయ్యి దిక్కు తిరిగి మాట్లాడుతది. తిడుతుందా, అన్నం తిను అంటుందా తెల్వది. ఊఁ అంటడు. చెవుల మోత ఒక్కటే మిగిలింది ఆనికి. గది సుక్కలల్లకెల్లి వస్తుందని సార్లు చెప్తే సంబురమైంది."

తిమింగలం ఒక్కటే మూలుగుతోంది. గంగవ్వ అతని గదవ వదల్లేదు. ఇన్నేళ్ళుగా గోడకు చెప్పుకున్న మాటలన్నీ ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఊఁ అన్నప్పుడల్లా అతన్ని మొండివాడనీ, గడ్డకట్టినవాడనీ తిట్టడం గుర్తొచ్చింది.

"మరి నీకేం గావాలె, కమాండరూ? అడుగు. ఏదడిగితే గది ఇస్త."

"గామెను గిటు తిరిగి మాట్లాడుమను."

గంగవ్వ ఏడ్చింది. నలుగురిలో, జుట్టు విరబోసుకుని, ఏ అమ్మవారి సాయమూ లేకుండా ఏడ్చింది. ఏడుస్తూనే ఇస్తానని తలూపి, సాక కోసం చుట్టూ చూసింది. బెల్లం నీళ్ళు లేవు. డాక్టరుగారి పక్కన గ్లాసులో ఆకుపచ్చని గోధుమగడ్డి రసం ఉంది. దాన్ని లాక్కుని, మామిడాకు ముంచి పరుపు చుట్టూ చల్లి, మిగిలింది కమాండర్ పాదాల దగ్గర పోసింది.

"నువ్వడిగింది ఇచ్చిన. సాక తీస్కో. ఇగ సల్లగ పో."

రాజనర్సు పెద్దగా ఊపిరి వదిలి, భుజాల మీది శాలువా తీసి పక్కన పెట్టాడు.

"ఎంత గూఢమైన సందేశం!" అన్నాడు చీరల షాపాయన, కళ్ళొత్తుకుంటూ. "మానవజాతి అంతా ఒకరికొకరు వీపు చూపించి..."

"ఒరే చలపతీ," అంది వసారాలోంచి సీతాదేవి. "ఆ చీరలాయన్ని అవతలికి తోసి, ఎవరైనా చెవుల డాక్టరుంటే నంబరు తియ్యి. ముందు ఆ తిమింగలాన్ని ఆపు."

చలపతి మొహం పాలిపోయింది. తిమింగలాన్ని ఆపాడు. కాసేపు ఫోన్లో వెతికి, రాజనర్సు ముందు వంగి, రేపు తనే తీసుకెళ్తానని చెప్పాడు. పాపం, ఆ మాటా తలొంచుకునే చెప్పాడు. గంగవ్వ ఆయన గదవ పట్టుకుని మొహం పైకెత్తింది. "గాయన దిక్కు జూసి చెప్పు సారూ," అంది. ఆయన మళ్ళీ చెప్పాడు.

ఇంకా ఎండ ఉండగానే ఇద్దరూ సూరత్ బండి ఎక్కారు. సంచీ గంగవ్వ ఒళ్ళో ఉంది. పక్కన ఖాళీ ఉన్నా ఆమె అతని ఎదురుగా కూర్చుంది. డబ్బా విప్పి పెడితే అతను తిన్నాడు.

"కమాండర్ ఏమన్నడు?" అని అడిగాడు, అమాయకంగా.

"నీకు ఎరుక లేదా?"

"నీ ఎల్లమ్మ మాట్లాడింది నీకు ఎరుకుంటదా?"

గంగవ్వ మొహం కందిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. కొంతసేపటికి రాజనర్సు చెయ్యి కడుక్కుని, మెల్లగా అడిగాడు.

"ఒక్కటి అడుగుత, తిట్టొద్దు. గా బోనాల నాడు ఎల్లమ్మ నా మీదికి ఉరికింది గద. గప్పుడు ఏమన్నదే?"

"గదేంది? తాగుడు బంద్ వెట్టమన్నది. అమ్మ మాట ఇనే గద, తెల్లారి నుంచి సీసా ముట్టలే నువ్వు!"

"నాకేం ఇనరాలే. గా డప్పులల్ల ఏమింటది?" అన్నాడు రాజనర్సు. "ఇంటికొచ్చినంక నువ్వు తానం జేసి, జుట్టు ఆరవెట్టుకుంట, గడప మీద కూసోని ఏడ్సినవ్. నేను పండుకున్ననని అనుకున్నవ్. గది జూసి బంద్ వెట్టిన."

గంగవ్వ అలవాటు కొద్దీ కిటికీ వైపు తిరిగింది. తిట్టబోయింది కూడా. అంతలోనే గుర్తొచ్చి, కళ్ళు తుడుచుకోకుండానే ఇటు తిరిగింది.